పక్క స్టాల్ పాలపిట్ట

నేను చదివింది ఐదో తరగతి. అది కూడా పరీక్ష దాకా పోలేదు. ఇన్ని కాగితాలు నింపడం ఇదే మొదలు. రాసింది చదివి నవ్వుతారేమోనని భయంగానే ఉంది. అక్షరాలు దిద్దే పని మా మనవరాలు చేస్తానంది. దిద్దితే దిద్దు గానీ నేను చెప్పిన మాట మాత్రం మార్చొద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

నా పేరు సైదమ్మ. మాది మిర్యాలగూడ. వెదురు చాటల మీద బొమ్మలు వేసి ఎగ్జిబిషన్లలో అమ్మేదాన్ని. ఇరవై ఏండ్లకు పైగా అదే పని. సూర్యాపేట, కోదాడ, మా ఊరు, ఎప్పుడన్నా నాగార్జున సాగర్. ఇప్పుడు బొటనవేలి కీలు పట్టేసి కుంచె నిలవడం లేదు. అందుకని మానేశాను. మా మహిళా సంఘంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఈ పనిలోకి దిగుతామంటున్నారు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను.

లోను ఎట్లా వస్తుంది, ఏ ఆఫీసులో ఏ కాగితం ఇవ్వాలి అనేవి సంఘం మేడం చెబుతుంది. నేను ఆమె చెప్పనిది చెబుతాను. ఈ పనిలో మనిషిని తినేది ఎండ కాదు, వాన కాదు, బోణీ కాని రోజు కూడా కాదు. పక్క స్టాల్. అది నన్ను ఎట్లా తిన్నదో చెబుతాను.

చాట సంగతి ముందు

బొమ్మ కంటే ముందు చాట. మేదరివాళ్ల దగ్గర చాట కొనేటప్పుడు వెలుతురుకు అడ్డంగా పట్టుకొని చూడండి. సందులు ఒకే తీరుగా కనిపిస్తే తీసుకోండి. పాత పేపర్లు చింపి రెండు రోజులు నానబెట్టాలి. మెంతులు విడిగా నానబెట్టాలి. రెండూ కలిపి మెత్తగా రుబ్బి ఆ ముద్దతో చాటను అలకాలి. తడి అరచేత్తో నున్నగా రుద్దాలి. మూడు మంచి ఎండలు తగలాలి. మా అమ్మ ఇట్లాగే అలికేది, బియ్యం గింజ సందులో ఇరుక్కోకుండా, పురుగు పట్టకుండా. నేను ఆ పద్ధతి వదల్లేదు. లోపలివైపు బియ్యానికి, బొమ్మ చాట వీపు మీద. చాట చాటలాగే ఉండాలని నా పట్టుదల.

మొదటి ఏడాది చేసిన తప్పు రాస్తున్నాను, మీరు చెయ్యకండి. సూర్యాపేట ఎగ్జిబిషన్ వానల్లో పడింది. ముద్ద పైకి ఆరినట్టే ఉంది. తొందరపడి రంగులేసి, వార్నిష్ కొట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బస్సెక్కించాను. అక్కడ మూట విప్పితే చాటల మీద వేసిన పాలపిట్టలన్నిటికీ బూడిదరంగు నూగు మొలిచింది. బూజు. మెంతి వాసన పులిసిపోయి గుప్పున కొట్టింది. పక్కన గాజులు అమ్మే ఆమె ముక్కు మూసుకొని, "అక్కా, పిట్టలు పెట్టినవా, పిట్టల్ని సంపి పెట్టినవా?" అంది. ఆ మూడు రోజులు ఒక్క చాట కూడా అమ్మలేదు. చాటను చెంపకు ఆనించి చూడాలని అప్పుడు నేర్చుకున్నాను. చెంపకు చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. చేతికి అది తెలియదు, చెంపకు తెలుస్తుంది.

కూర్చోవడం కూడా పనే

బొమ్మ వెయ్యడం సగం పని. స్టాల్‌లో కూర్చోవడం మిగతా సగం. పొద్దంతా కూర్చొని మొహం మాడ్చుకుంటే మనిషి దగ్గరికి రాడు. ఎవరన్నా ఆగితే వెంటనే ధర చెప్పకండి. బొమ్మను చూడనివ్వండి. ఫోటో తీసుకొని పోయేవాళ్ల మీద కోపం పెట్టుకోకండి, వాళ్లు ఎట్లాగూ కొనరు. "మా చెల్లె ఇంట్లోనే చేస్తది ఇసుంటియి" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ చెల్లెలు ఒక్కతే అయితే పాపం ఎన్ని ఇళ్లలో చేస్తుందో.

స్టాళ్లు పంచే సారుకు ఒక అలవాటు ఉండేది. ఒకే రకం సరుకంతా ఒకే వరసలో పెట్టేవాడు. పచ్చళ్లు ఒక వరస, చీరలు ఒక వరస, బొమ్మలు ఒక వరస. "సారూ, నన్ను ఇంకో దిక్కు ఏయుండ్రి" అని ఎన్నిసార్లు బతిమాలినా, "ఒక్క దగ్గరుంటేనే జనం వస్తరమ్మా, నీకు తెల్వదు" అనేవాడు. ఆయన చెప్పింది నిజమే, జనం వచ్చేవాళ్లు. నా పక్క స్టాల్‌కు.

పద్మ

పక్క స్టాల్ కోదాడ పద్మది. నాకంటే నాలుగైదేండ్లు చిన్నది. నన్ను వదినా అని పిలిచేది. ఆమెది ఆంధ్రా దిక్కు మాట, నవ్వు ముందు, మాట తర్వాత. మెంతి ముద్ద జోలికి పోయేది కాదు. షాపులో దొరికే తెల్ల ప్రైమర్ రెండు పూతలు పూసి, చాట లోపలివైపు బొమ్మ వేసేది. గోడకు తగిలిస్తే చాట అంచే ఫ్రేములాగా ఉండేది. నాకు ఆ తెలివి ఎందుకు తట్టలేదని ఎన్ని రోజులు ఏడ్చానో.

ఆమె వేసే పాలపిట్ట మెడ వెనక్కి తిప్పి చూసేది. నేను వేసే పాలపిట్ట రేషన్ కార్డు ఫోటోకు కూర్చున్నట్టు తిన్నగా చూసేది. రెక్కల నీలం నాదే బాగుండేదని ఇప్పటికీ అంటాను. కానీ జనం నీలం చూడరు, మెడ చూస్తారు.

అమ్మకం ఎక్కువ తక్కువ అవుతుంది, అది నేను తట్టుకున్నాను. తట్టుకోలేనిది ఒకటుంది. దూరం నుంచి మనుషులు "కోదాడ పద్మ స్టాల్ ఎక్కడ?" అని అడుక్కుంటూ వచ్చేవాళ్లు. పేరు పెట్టి. నన్ను అడిగేవాళ్లు కూడా, నేనే చెయ్యి చూపించేదాన్ని. నన్ను మాత్రం ఎవరూ పేరుతో పిలవలేదు. "ఓ చాటలమ్మా" అనేవాళ్లు. పద్మవీ చాటలే, ఆమెను మాత్రం చాటలమ్మ అనరు. ఒక్క మనిషి, ఒక్కటంటే ఒక్క మనిషి, సైదమ్మ స్టాల్ ఎక్కడని అడిగి రావాలి. ఈ పనిలో నేను కోరుకున్నది చివరికి అదొక్కటే.

ఓర్వలేనితనం నాతో చేయించిన చిన్న పనులు చాలా ఉన్నాయి. పద్మ చాట ఎవరన్నా చేతిలోకి తీసుకుంటే నేను దగ్గేదాన్ని. ఆమె గిరాకీ బేరమాడుతుంటే నా చాటల మీద దుమ్ము గట్టిగా దులిపేదాన్ని. ఒకసారి ఒకామె, "ఆ కోదాడామె చాటలు గట్టిగ ఉంటయా?" అని అడిగితే, "ఉంటయ్ గానీ…" అని ఆపేశాను. గానీ తర్వాత ఏమీ లేదు. ఆ "గానీ"తోనే ఆమె వెళ్లిపోయింది. పద్మ దగ్గరా కొనలేదు, నా దగ్గరా కొనలేదు.

నాదే అన్న రోజు

మిర్యాలగూడ ఎగ్జిబిషన్‌లో మధ్యాహ్నం. జనం పలచగా ఉన్నారు. పద్మ చాయ్ తేవడానికి పోయింది. పోతూ, "నా స్టాల్ కాస్త చూడొదినా" అంది.

అప్పుడే ఒక సావుకారమ్మ వచ్చింది. మా ఊళ్లో పెద్ద రైసు మిల్లు వాళ్ల ఇల్లాలు. నేను ఆమెను ఎరుగుదును, ఆమె నన్నెరగదు. చేతిలో ఒక చాట ఉంది. అది పద్మది, పోయిన ఏడు కొన్నదంట. ఎప్పుడు ఎక్కడ చూసినా ఆ మెడ నాకు తెలుస్తుంది.

"గిది చేసింది నువ్వేనా?" అని అడిగింది. "మా పెద్దబిడ్డ పెండ్లి. పెండ్లికొచ్చిన ముత్తయిదువలకు చాటలల్ల వాయినం పెట్టియ్యాలె. నలభై గావాలె, అన్నీ గిసుంటియే."

పద్మ స్టాల్ పక్కనే ఉంది. వేలు చూపిస్తే అయిపోయేది. నా వేలు లేవలేదు.

"నాదేనమ్మా," అన్నాను.

ఆమె నా నంబరు తన ఫోన్లో ఎక్కించుకుంది. పేరు అడిగింది. "సైదమ్మ," అన్నాను. నా పేరు ఆ ఫోన్లో ఎక్కుతుంటే ఒళ్లంతా తేలికైంది. ఎంత మురిసిపోయానో చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

పద్మ రెండు గ్లాసులతో వచ్చింది. "ఎవరొదినా అది, కారు దాకా సాగనంపి వచ్చావు?"

"ఏం లేదు. తెల్సినామె."

"తాగు, చల్లారిపోద్ది."

తాగాను. ఆమె తెచ్చిన చాయే తాగాను.

మెడ తిరగలేదు

ఇంటికి వచ్చి చాటలు అలికి, ఆరబెట్టి, కూర్చున్నాను. పద్మ వేసినట్టే లోపలివైపు వేద్దామని చూశాను. పిట్ట మెడ తిరగదు. తిప్పితే విరిచినట్టుంది. ఇంకోటి వేస్తే పాము పడగలాగా ఉంది. వారం రోజులు అదే పని. చివరికి మా వాడకట్టులో ఒకామె దగ్గర పద్మ చాట ఉంటే అడిగి తెచ్చుకున్నాను. పలచని కాగితం పెట్టి గీత ఎత్తుకొని, కార్బన్ పేపరుతో నా చాట మీదికి దించాను.

గీత అచ్చంగా దిగింది. రంగులు వేశాను. వార్నిష్ కొట్టగానే కార్బన్ నీలం కరిగి పిట్ట మెడ చుట్టూ పాకింది. గొంతుకు ఉరి బిగిసినట్టు. పన్నెండు చాటలు అట్లా పోయాయి. మెంతి ముద్ద మీద కార్బన్ గీత ఊరుతుందని నాకు తెలియదు. మీరు పెన్సిల్ వాడండి. ఇంకా మంచిది, సొంత బొమ్మ వెయ్యండి.

పెండ్లికి పద్దెనిమిది రోజులున్నాయి. సావుకారమ్మ ఫోన్ చేసి, "ఎంతవరకు వచ్చినయ్ సైదమ్మా?" అంది. ఇన్నేండ్లు ఏ పిలుపు కోసం చచ్చానో ఆ పిలుపు వచ్చింది. వచ్చింది పద్మ పిట్టల కోసం. మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కాను.

కోదాడలో

పద్మ ఇంటి ముందర చాటలకు ప్రైమర్ పూస్తోంది. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుంది. "ఏందొదినా, ఫోనన్నా చెయ్యకుండా?"

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. సావుకారమ్మ వచ్చింది, చాట నీది, నాదే అన్నాను. మొత్తం చెప్పాను. కార్బన్ సంగతి కూడా.

పద్మ ప్రైమర్ డబ్బాకు మూత బిగించింది. తిడితే బాగుండు అనిపించింది. తర్వాత తిట్టింది.

"నేను నీకోసం టీ తేవడానికి పోతే, నా స్టాల్ నీకు అప్పజెప్పి పోతే, ఇదా నువ్వు చూసింది?"

"తప్పైంది."

"తప్పు కాదొదినా, దొంగతనం."

"అయింది."

"మెడ రాలేదా ఇంతకీ?"

"రాలే."

"రోజంతా నా స్టాల్ దిక్కు తిప్పి తిప్పి చూస్తావు గదా, ఆ మెడే పెట్టకపోయావా నీ పిట్టకి?" అని ఒక్క నవ్వు నవ్వింది. మామూలు నవ్వు కాదు. దవాఖానలో సూది గుచ్చినట్టుంది.

కాగితం తెచ్చి ముందర వేసింది. "గియ్యి, చూస్తా" అంది. గీశాను. ఆమె పక్కన కూర్చుంటే కొంచెం తిరిగింది. పద్మ దాన్ని దూరంగా పట్టుకొని చూసింది.

"ఇది నాదీ కాదు, నీదీ కాదు. ఈ పిట్టను ఎవరూ కొనరు. ఇను. సగం నేనేస్తా, నా పిట్టలు. సగం నువ్వెయ్యి, నీ పిట్టలు, నీ పద్ధతిలోనే, వీపు మీదే. ఇద్దరం కలిసి పోదాం. ఎవరిది ఏదో నీ నోటితో నువ్వే చెప్పాలి ఆవిడికి. నేను నోరు తెరవను."

"ఆమె వద్దంటే?"

"వద్దంటే నీ ఇరవై నువ్వు తిరిగి మోసుకుపో. నాకేంటి?"

పద్మను మంచిదని రాయమంటే నేను రాయను. మంచితనం వల్ల కాదు, ఆర్డరు దక్కించుకోవడానికి అట్లా చేసింది. కానీ తర్వాత నేను వేసిన చాటలు చూసినప్పుడు, "రెక్క నీలం ఏం కలిపావు?" అని అడిగింది. చెప్పలేదు. అది మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

మిల్లు వాళ్ల ఇంట్లో

నలభై చాటలు వాళ్ల వసారాలో పరిచాము. పద్మవి ఒక దిక్కు, నావి ఒక దిక్కు బోర్లించి. సావుకారమ్మ కళ్లద్దాలు పెట్టుకొని వచ్చింది.

"ఇవి వేరున్నయేంది?" అంది నా వాటిని చూసి.

పద్మ పక్కన నిలబడి గోడ గడియారం చూస్తోంది. చెప్పనని చెప్పింది, చెప్పలేదు.

"అమ్మా, ఆ రోజు మీ చేతిలున్న చాట నాది గాదు. గీ పద్మది. నేను అబద్ధం చెప్పిన. గవి ఆమె ఏసినయి. గివి నేను ఏసినయి."

"మరి నాదేనంటివి గద?"

"అన్న."

"మొకం మీద అన్నవ్."

"అన్నమ్మా."

ఆమె నా వాటిలో ఒకటి తిరగేసింది. లోపలివైపు వేలితో రాసి చూసింది. వాసన చూసింది. "మెంతులతోటి అలికినవా?" అంది. అవునన్నాను. ఆమె పనిమనిషిని పిలిచి పద్మ చాటలు చూపించి, "గివి పెండ్లికొడుకు దిక్కోళ్లకు," అంది. నావి చూపించి, "గివి మన మిల్లుల పనిచేసే ఆడోళ్లకు. చెరుక్కుంటరు," అంది.

పెండ్లికొడుకు వైపు వాళ్ల గోడల మీద పద్మ పిట్టలు. మిల్లు కూలోళ్ల చేతుల్లో నావి. ఫోన్ తీసి నా ముందే పద్మ నంబరు ఎక్కించుకుంది, పేరుతో సహా. నాకు భూమిలోకి పోవాలనిపించింది. గేటు దాటాక పద్మ, "చెప్పావు గదా, అయిపోయింది," అంది. ఆమె చేతిలో సావుకారమ్మ ఇచ్చిన పూలు. నాకూ ఇచ్చింది, కాదనను. ఆమెకు ఇచ్చిన దండ పొడుగు. కొలిచి చూడలేదు గానీ పొడుగే.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. ఓర్వలేనితనం ఉండొద్దని నేను చెప్పను, చెప్పినా ఆగదు. అది నా చేత మెంతులు ఇంకా మెత్తగా రుబ్బించింది, నీలం రంగు నలభై రకాలుగా కలిపించింది. ఇంట్లో కూర్చొని బొమ్మ వేసేటప్పుడు అది ఉంటే మంచిదే. స్టాల్‌లో గిరాకీ ముందు దానికి నోరివ్వకండి. ఎవరి బొమ్మకు వాళ్ల పేరు చెప్పండి. నేను చెప్పకపోతే ఏమైందో రాశాను కదా.

నా పేరు

ఆ తర్వాత ఏడు మళ్లీ మా ఊళ్లోనే ఎగ్జిబిషన్. మళ్లీ పద్మ పక్కనే వేశాడు సారు. ఈసారి నేనేమీ బతిమాలలేదు. రెండో రోజు సావుకారమ్మ వచ్చి నా ముందు నుంచే పోయి పద్మ దగ్గర నిలబడింది. నేను దగ్గలేదు. దుమ్ము దులపలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. అది ఎంత కష్టమైన పనో ఎవరికి చెప్పినా తెలియదు.

సాయంత్రం ఒకామె వచ్చింది. నడివయసు మనిషి, కొంగుకు ఊక అంటుకొని ఉంది. పని మీది నుంచే వచ్చినట్టుంది. పక్క వరసలో గాజులామెను ఏదో అడిగింది. గాజులామె నా దిక్కు చెయ్యి చూపించింది. ఆమె నేరుగా నా ముందరికి వచ్చి, చంకలోంచి చాట తీసి బోర్లించింది.

నా చాటే. లోపలంతా బియ్యానికి నున్నగా మెరుగెక్కింది. వీపు మీద పిట్ట సగం లేదు. నేలకు రాసుకొని తోక పోయింది, ఒక రెక్క పోయింది. తల మాత్రం తిన్నగా చూస్తోంది.

"మిల్లుల ఇచ్చిండ్రు అక్కా, పెండ్లప్పుడు. పొద్దుమాపు గిదే చాట. ఒక్క గింజ ఇరుకదు. మా యారాలు తన చాట ఇస్త, గిది నాకియ్యుమంటది, నేనియ్య. పిట్ట పోతున్నది. మిల్లుల అడిగితే సైదమ్మ దగ్గరికి పో, మళ్ల ఏసిస్తదన్నరు. నువ్వేనా సైదమ్మవు?"

నేను పక్కకు చూశాను. పద్మ దగ్గర ముగ్గురు గిరాకీలు ఉన్నారు. ఆమె కాగితంలో చాట చుడుతోంది. వినలేదు.

"ఏమన్నవమ్మా?" అన్నాను. "లొల్లిల ఇనపడలే. జర గట్టిగ చెప్పు."